అశ్వహృదయము, అక్షహృదయము

సంక్రాంతి పండుగ వెళ్లిపోయినను ఉత్తరాంధ్రలో పండుగలు వెళ్లిపోవు. కనుమ మొదలుకొని కొన్ని వారముల పాటు ఒక్కొక్క ఊరు ఒక్కొక్కనాడు తన గ్రామదేవత పేరనో, కొండమీది దేవుని పేరనో తీర్థము చేసికొనుచుండును. తీర్థమనగా పుణ్యనదిలో స్నానమని మాత్రమే ఎరిగిన ఇతర ప్రాంతముల వారికి ఈ మాట కొంత వింతగా తోచవచ్చును. మా వైపు తీర్థమనగా జాతర. జీళ్ల దుకాణములు, చెరకు గడలు, రంగులరాట్నము, పులివేషములు, తప్పెటగుళ్లు, వీటన్నిటితో పాటు ఎడ్ల పరుగు, గుర్రపు పరుగు ఉన్నగాని అది తీర్థమనిపించుకొనదు. పందెపు గుర్రములనగా బొంబాయి, మద్రాసు నగరముల ధనికుల వినోదమని అనుకొనువారు ఒకసారి మా విజయనగరము, అనకాపల్లి ప్రాంతముల తీర్థములకు వచ్చి చూడవలెను. కోసిన వరిమళ్ల నడుమ, మట్టిబాట మీద, జీను కూడ లేని గుర్రమును కుర్రవాడు పరుగెత్తించుచుండగా గట్ల మీద నిలిచి వేలమంది కేకలు వేయుదురు.

1985 ప్రాంతమున నేను పదవ తరగతి చదువుచున్న రోజులలో అటువంటి తీర్థమొకటి చూచితిని. మా ఊరి నుండి విజయనగరము రైలు స్టేషనుకు జట్కా తోలు వృద్ధుడొకడు నన్ను వెంటబెట్టుకొని పోయినాడు. ఊరిలో చిన్నా పెద్దా ఆయనను ‘జట్కా తాత’ అనెడివారు. ఆ యేడు పందెమునకు పదకొండు గుర్రములు వచ్చినవి. అన్నిటిని ఒక్కసారి వదలుటకు బాట చాలదు. అందుచేత ఉదయము రెండు జట్లుగా పరుగెత్తించి, ఒక్కొక్క జట్టులో ముందు వచ్చిన మూడింటిని సాయంకాలపు తుది పందెమునకు నిలిపినారు. ఉదయపు పరుగు చెరువుగట్టు నుండి రావిచెట్టు వరకు, సుమారు అరమైలు. సాయంకాలమున రావిచెట్టును చుట్టి తిరిగి గట్టునకు రావలెను. అనగా రెట్టింపు దూరము.

మొదటి జట్టులో ఒక తెల్లగుర్రము తక్కిన వాటిని చాల వెనుక విడిచి గెలిచినది. రెండవ జట్టులో ఒక ఎర్రగుర్రము, ముందున్న రెండు గుర్రములు దారి మూసివేయగా చాలసేపు వెనుకబడి, చివరకు పక్కకు తప్పించుకొని మూడవదిగా వచ్చినది. ఊరంతయు తెల్లదాని పేరే జపించుచున్నది. తాత మాత్రము గుంపులో నిలువక, గుర్రములను కట్టిన మామిడితోపులోనికి నన్ను తీసికొనిపోయినాడు. తెల్లదాని డొక్కలు కమ్మరి కొలిమితిత్తుల వలె ఎగిరిపడుచున్నవి. ఎర్రది అప్పుడే గడ్డి కొరకు మెడ చాచుచున్నది.

“బాబూ, గెల్సినదాన్ని ఊరంతా సూస్తాది. గెల్సొచ్చినాక దాని డొక్కలెవుడు సూస్తాడు? తెల్లదానికి ఈ దూరమే ఎక్కువ. సందేలకి దీనికి రెట్టింపు. ఎర్రదానికి దారి దొరకనేదు గానీ, దమ్ముంది,” అన్నాడు తాత.

ఆ మాట చెవిని పడగానే నా చేయి చొక్కా జేబు మీదికి పోయినది. అందులో నాన్న ఇచ్చిన పబ్లిక్ పరీక్ష రుసుము, ఆలస్య రుసుముతో సహా, మడతపెట్టి ఉన్నది. ఆ సాయంకాలము ఏమి జరిగినదో చివర చెప్పెదను. ముందుగా తాత చూచిన చూపును గురించి కొంత ఆలోచింతము. ప్రపంచమునందలి గొప్ప గుర్రపు పందెములకు ముందు, తొలి పందెముల ఫలితములు చేతబట్టుకొని, ఎవరు గెలుతురని తలలు బద్దలు కొట్టుకొను పండితులందరు వెదకునది ఆ చూపునే.

తాత భారతము చదివినవాడు కాడు. కాని ఆరణ్యపర్వము చదివినవారికి ఆ మామిడితోపులోని దృశ్యము క్రొత్తది కాదు. నలుడు కలిపీడితుడై, రూపు మారి, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు కొలువున ఉన్నాడు. ఒక్క పగటిలో విదర్భకు చేరవలసిన అవసరము రాజునకు కలిగినది. బాహుకుడు అశ్వశాలకు పోయి గుర్రములను ఏరి తెచ్చినాడు. అవి బక్కచిక్కి ఉన్నవి. ఇంత దూరము ఇవి ఎట్లు పోగలవని రాజు ఆక్షేపించినాడు. నలుడు వాటి సుడులను, లక్షణములను చెప్పి, ఇవియే పోగలవన్నాడు, అవియే పోయినవి. బలిసిన గుర్రమును కన్ను చూచును. పరుగెత్తు గుర్రమును అశ్వహృదయము తెలిసినవాడు చూచును.

కథ అంతటితో ఆగలేదు. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడగా ఋతుపర్ణుడు దాని ఆకులెన్నో, కాయలెన్నో చూచినంతనే లెక్క చెప్పినాడు. నలుడు రథము నిలిపి, చెట్టు నరికి, లెక్కించి సరిచూచుకొన్నాడు. లెక్క సరిపోయినది. అప్పుడు వారిద్దరు విద్యలు మార్చుకొన్నారు. నలుడు అశ్వహృదయమిచ్చి అక్షహృదయము, అనగా పాచికల మర్మము, సంఖ్యల మర్మము పుచ్చుకొన్నాడు. ఈ మార్పిడియందు గొప్ప అర్థమున్నదని నాకు తోచుచుండును. లెక్క తెలిసిన వానికి గుర్రము తెలియదు. గుర్రము తెలిసిన వానికి లెక్క తెలియదు. రెండును ఒకనియందు చేరినప్పుడే నలుని విడిచి కలి పారిపోయినాడు.

అశ్వలక్షణములను మన పూర్వులు శాస్త్రముగా పరిశీలించినారు. సంస్కృతమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము ప్రసిద్ధము. తెలుగున మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ రచించినాడు. గుర్రమునకు కాలు, మెడ, సుడి, రంగు, నడక అన్నియు పరీక్షింపదగినవే. కాని ఈ శాస్త్రములు ఒంటరిగా నిలిచిన గుర్రమును గురించి చెప్పును. పది గుర్రములు ఒకేసారి, ఒకే బాట మీద, ఒక నిర్ణీత దూరము పరుగెత్తునప్పుడు ఏది ముందు వచ్చునో తేల్చుటకు వేరొక విద్య కావలెను. ఆ విద్యకు ఆధారము తొలి పందెములు.

ప్రధాన పందెములలో సుప్రసిద్ధమైనది డెర్బీ. 1780లో ఇంగ్లండు దేశమున ఎప్సమ్ అనుచోట మొదటి డెర్బీ జరిగినది. నేడు అనేక దేశములలో ఆ పేరుతో పందెములున్నవి. మన దేశమున 1943లో ఇండియన్ డెర్బీ ప్రారంభమైనది. బొంబాయిలోని మహాలక్ష్మి మైదానమున, ఫిబ్రవరి మాసపు మొదటి ఆదివారమున, నాలుగేండ్ల వయసు గుర్రములు 2400 మీటర్లు పరుగెత్తుట అందలి సంప్రదాయము. తెలుగువారికి సమీపమైనది హైదరాబాదు. అక్కడి పందెములను ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు తరలించినాడు. నేటికిని దక్కన్ డెర్బీ జరుగునది ఆ మైదానముననే.

డెర్బీలో పరుగెత్తు గుర్రము ఆనాడే మొదటిసారి మైదానమునకు వచ్చినది కాదు. దానికి ముందు కొన్ని నెలలుగా చిన్న పందెములలో పాల్గొనుచుండును. ఇండియన్ డెర్బీకి ముందు డిసెంబరులో 1600 మీటర్ల ‘2000 గినీస్’ పందెము జరుగును. అమెరికాలో కెంటకీ డెర్బీకి ముందు పలు పట్టణములలో తొలి పందెములు జరుగును. 2013 నుండి వాటిలో సంపాదించిన పాయింట్లను బట్టియే ప్రధాన పందెములో చోటు లభించుచున్నది. ఈ ఫలితములన్నియు పత్రికలలో అచ్చగును. ఏది మొదట వచ్చినదో, ఏది రెండవదో, ఎంత కాలములో వచ్చినదో చదువు వచ్చిన ప్రతివానికిని తెలియును. మరి అందరికిని తెలిసిన ఈ లెక్కనుబట్టి అందరును సరిగా ఎందుకు చెప్పలేకపోవుచున్నారు?

ఏలయన తొలి పందెము ఒక ప్రశ్నకు జవాబు. ప్రధాన పందెము వేరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవ ప్రశ్న క్రింద వ్రాసినచో మార్కులు రావు. ఈ భేదములను వరుసగా చూతము.

మొదటిది దూరము. 1600 మీటర్లలో గెలిచిన గుర్రము 2400 మీటర్లలో గెలుచునని నిశ్చయము లేదు. వేగము ఒక గుణము, దమ్ము వేరొక గుణము. కనుక తొలి పందెమున ఏది గెలిచినదని కాక, చివరి ఫర్లాంగులో ఏది ఎట్లున్నదని అడుగవలెను. మొదట వచ్చినను చివర అడుగులు తడబడిన గుర్రము కంటె, నాలుగవదిగా వచ్చినను గీత దాటిన పిదప కూడ పరుగాపని గుర్రము పెద్ద దూరమునకు మేలు కావచ్చును. తాత తెల్లదాని డొక్కలు చూచినది ఇందుకే.

రెండవది బరువు. సామాన్య పందెములలో హ్యాండీకాప్ అను పద్ధతి కలదు. మేటి గుర్రము మీద ఎక్కువ బరువు, తక్కువదాని మీద తక్కువ బరువు ఉంచి అన్నిటికిని సమానావకాశము కల్పించుట దాని ఉద్దేశము. డెర్బీ వంటి పందెములలో అట్లు కాదు. మగ గుర్రములన్నిటికిని ఒకే బరువు, ఆడ గుర్రములకు కొద్ది తగ్గింపు. ఒక గుర్రము 60 కిలోలు మోసి, 52 కిలోలు మోసిన దానితో తలవాసి తేడాతో ఓడినదనుకొనుడు. కాగితము మీద అది ఓటమి. కాని రెండింటి మీదను ఒకే బరువు పెట్టిన దినమున ఆ ఓటమి ఏమి చెప్పుచున్నది? ఓడినవాడు ఎంత బరువుతో ఓడినాడని అడుగనివాడు సగము లెక్కయే చేసినవాడు.

ఆడ గుర్రమని తేలికగా చూచుటయు తగదు. 1943 నాటి మొట్టమొదటి ఇండియన్ డెర్బీని గెలిచినది బరోడా మహారాజునకు చెందిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడ గుర్రమే.

మూడవది పందెము నడచిన తీరు, నేల తీరు. ముందు పరుగెత్తు గుర్రములు ఒకదానినొకటి కవ్వించుకొని తొలి భాగముననే శక్తిని ధారపోసినచో, వెనుక నెమ్మదిగా వచ్చు గుర్రమునకు లాభము. ముందున్నది ఒక్కటే అయి, అది నెమ్మదిగా నడిపించినచో వెనుకవాటికి గెలుపు దుర్లభము. 2022 మే 7వ తేదీన జరిగిన కెంటకీ డెర్బీ ఇందుకు గొప్ప తార్కాణము. రిచ్ స్ట్రైక్ అను గుర్రమును అంతకుముందటి సంవత్సరము 30,000 డాలర్లకు కొన్నారు. పందెమునకు ముందునాడు వేరొక గుర్రము తప్పుకొనగా దానికి చోటు లభించినది. దాని గెలుపు మీద రూపాయి పెట్టినవానికి ఎనుబది రూపాయలిత్తుమని పందెపు లెక్క చెప్పినది. అనగా లోకము దానినంత నిరాకరించినదన్నమాట. తొలి పందెమున అది మూడవదిగా వచ్చినది. ఆ పందెము జరిగినది కృత్రిమపు నేల మీద. డెర్బీ జరుగునది మట్టినేల మీద.

డెర్బీనాడు ముందు గుర్రములు తొలి పావుమైలును 22 సెకండ్ల లోపలనే దాటినవి. ఆ వేగమునకు మూల్యము చెల్లింపక తప్పదు. చివరి మలుపు తరువాత అవి అలసిపోవుచుండగా, వెనుక నుండి లోపలి కంచె ప్రక్కగా దారి చేసికొని వచ్చి రిచ్ స్ట్రైక్ గెలిచినది. లోకము నోరు తెరచినది. ఐనను ఇక్కడ ఇంకొక మాట చెప్పవలెను. ఆ గుర్రము మరల ఏ పందెమును గెలువలేదు. ఒక్క ఓటమి అల్పత్వమునకు గుర్తు కానట్లే, ఒక్క గెలుపు ఘనతకు గుర్తు కాదు.

నాలుగవది ఆరోగ్యము. 1973 ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో జరిగిన ఉడ్ మెమోరియల్ అను తొలి పందెమున సెక్రెటేరియట్ అను ఎర్రగుర్రము మూడవదిగా వచ్చినది. అంతవరకు దానిని ఆకాశమునకెత్తినవారే, ఇది పెద్ద దూరమునకు పనికిరాదని తీర్పు చెప్పినారు. దాని పైపెదవి లోపల చీముగడ్డ ఉన్నది. కళ్లెము లాగినప్పుడెల్ల అది బాధించెడిది. లెక్కలో గడ్డ కనబడదు కదా! రెండు వారముల తరువాత, మే 5న, అదే గుర్రము కెంటకీ డెర్బీని ఒక నిమిషము 59.4 సెకండ్లలో గెలిచినది. అంతకంటె విశేషము, ఆ పందెమున ఒక్కొక్క పావుమైలును ముందుదానికంటె తక్కువ కాలములో దాటినది. ఏ దూరమునకు పనికిరాదన్నారో ఆ దూరమున చివరికి పోవుకొలది దాని వేగము హెచ్చినది. జూన్ 9న జరిగిన మైలున్నర బెల్మాంట్ పందెమును ముప్పదియొక్క గుర్రముల నిడివి తేడాతో, రెండు నిమిషముల 24 సెకండ్లలో గెలిచినది. ఈ రెండు కాలములు నేటికిని ఆ పందెములలో చెక్కుచెదరని హద్దులు.

ఐదవది వంశము. పందెపు గుర్రము విషయమున తండ్రి ఎవరు, తల్లి ఎవరని విచారించుట తప్పు కాదు. దమ్ము కొంతవరకు రక్తములో వచ్చును. కాని వంశము ఆశ చెప్పునే గాని ఫలితము చెప్పదు. మనుష్యుల విషయమున అయితే వంశము ఆ ఆశ కూడ చెప్పదు. ఈ సత్యమునకు ఉదాహరణము కొరకు మేము విజయనగరము దాటి పోనక్కరలేదు. విజయనగర రాజవంశమునకు చెందిన విజయానంద గజపతిరాజు, లోకము ముద్దుగా ‘విజ్జీ’ అని పిలిచినవాడు, క్రికెట్ క్రీడను ప్రేమించి ధనమును వెచ్చించినవాడు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారతజట్టునకు ఆయనను నాయకుని చేసినారు. తెలుగు కుటుంబమువాడైన సి.కె.నాయుడు, అంతకు ముందు 1932లో నాయకత్వము వహించినవాడు, ఈసారి ఆయన క్రింద ఆడినాడు. మూడు టెస్టులలో రెండింట మన జట్టు ఓడినది; ఒకటి ఫలితము తేలక ముగిసినది. ఆరు ఇన్నింగ్సులలో విజ్జీ చేసినవి మొత్తము 33 పరుగులు. తరువాతి కాలమున ఆటకు ఆయన చేసిన సేవ వేరు. కాని నాడు నాయకుని ఎన్నుకొన్నవారు మైదానమున పరుగు చూడక బిరుదులు చూచినారు.

దీనికి ఎదురైన ఉదాహరణము శ్రీకాకుళము జిల్లాలో ఉన్నది. ఆముదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 1994లోను, 1995లోను 54 కిలోల విభాగమున ప్రపంచ విజేత. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఆ విజయములు పాతబడినవి. ఆమె పోటీ చేసినదో, 69 కిలోల విభాగమున. ఆమె కాలము గడచిపోయినదన్నవారు లేకపోలేదు. సెప్టెంబరు 19న ఆమె మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము తెచ్చినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. పాత విజయముల తేదీలు చూచినవారు పొరబడినారు. అంతటి విజయములకు మూలమైన సత్తా ఎక్కడికి పోవునని అడిగినవారు పొరబడలేదు.

కావున తొలి పందెములను పరిశీలించువాడు స్థానము చూచి ఆగరాదు. ఎంత దూరము, ఎంత బరువు, ఎటువంటి నేల, ఎవరితో పోటీ, దారి దొరికినదా, దేహము కుదుటగా ఉన్నదా, మునుపటికంటె ఎదుగుచున్నదా తరుగుచున్నదా అని అడుగవలెను. అంకె ఋతుపర్ణుడు చెప్పును. అంకె వెనుకనున్నది నలుడు చెప్పును.

ఇంత తెలిసినవాడు ఇక ధనము పెట్టి గెలువవచ్చునా? ఇక్కడ చాలమంది మేధావులు కూడ కాలు జారుదురు. ఈ విషయమున న్యాయస్థానముల మాటయు పేర్కొనదగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక పక్షముగా నున్న వ్యాజ్యములో, రమ్మీ పేకాట ప్రధానముగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1968లో తీర్పు చెప్పినది. 1996లో మద్రాసు పందెముల వ్యాజ్యమున గుర్రపు పందెమును గురించియు అట్లే నిర్ణయించినది. గుర్రపు వంశము, శిక్షణ, జాకీ నేర్పు, పూర్వపు పరుగులు పరిశీలింపదగినవి కనుక అది కేవలము అదృష్టము కాదన్నది. ఇది ఒప్పుకొనదగినదే. కాని నైపుణ్యమున్నదన్న మాటకు నష్టము లేదని అర్థము కాదు. నైపుణ్యము జాకీది, శిక్షకునిది, గుర్రముది. గట్టు మీద నిలిచి జేబు తడవుకొనువానిది మాత్రము కాదు.

మన పురాణములు ఈ మాట ఎన్నడో చెప్పినవి. ఉచ్చైశ్శ్రవము తోక తెలుపా నలుపా అని కద్రూవినతలు పందెము వేసికొన్నారు. వినత కన్ను తప్పు చూడలేదు, తోక తెల్లనిదే. కాని కద్రువ తన కొడుకులైన సర్పములను ఆ తోకకు చుట్టుకొనుమన్నది. సరిగా చూచిన వినత దాసియైనది. అశ్వహృదయము తెలిసిన నలుడే జూదమున రాజ్యము పోగొట్టుకొని అడవి పాలైనాడు. గుర్రములను గురించి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలియును? తెలిసియుండుట వేరు, దానిని పణముగా పెట్టుట వేరు.

ఇదంతయు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఎందుకు చెప్పుచున్నానని ఎవరైన అడుగవచ్చును. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందు మన పాఠశాలలలో ప్రీఫైనల్ పరీక్షలు జరుగును. అవి మన తొలి పందెములు. వాటి మార్కులు చూచి, ఫలానా విద్యార్థి గట్టెక్కడని, ఫలానా విద్యార్థి ప్రథముడని మనము తీర్పులు చెప్పుచుందుము. నలుబది మార్కులు వచ్చిన పిల్లవాడు తెలియక ప్రశ్న విడిచినాడా, కాలము చాలక విడిచినాడా? జ్వరముతో వ్రాసినాడా? అర్ధసంవత్సర పరీక్షలో ముప్పది నుండి నలుబదికి ఎదిగినవాడా, అరువది నుండి నలుబదికి జారినవాడా? ఎంత దూరము నడచి, ఇంటిలో ఎంత పని చేసి, ఎంత బరువు మోసి వచ్చి వ్రాసినాడు? అంకె ఒక్కటే; కథలు నాలుగు.

గుర్రమునకును పిల్లవానికిని రెండు భేదములున్నవి. గుర్రపు పందెమున గెలుచునది ఒక్కటే. పరీక్షలో ఒకడు గట్టెక్కినంత మాత్రమున వేరొకడు మునుగనక్కరలేదు. రెండవది మరింత ముఖ్యము. తన మీద ఎనుబదికి ఒకటి అని వ్రాసిన పలకను రిచ్ స్ట్రైక్ చదువలేదు. మనము చెప్పు తీర్పును పిల్లవాడు వినును. విని, అట్లే అగును. అందుచేత గుర్రపు పండితుడు పొరబడినచో ధనము పోవును. ఉపాధ్యాయుడు పొరబడినచో పిల్లవాడు పోవును.

ఇక ఆ సాయంకాలము. తాత నీళ్లకు పోయిన సమయమున నేను పరీక్ష రుసుమంతయు ఎర్రగుర్రము మీద ఒక పెద్ద కుర్రవానితో పందెము కాసితిని. ఆరు గుర్రములను వదలినారు. రావిచెట్టు వరకు తెల్లదే ముందు. చెట్టును చుట్టు నప్పటికి ఎర్రది దాని ప్రక్కకు వచ్చినది. తిరుగు దారిని తెల్లదాని అడుగులు బరువెక్కినవి. తాత చెప్పినట్లే ఆగిపోయినది. ఎర్రది ఒక్కటే ముందున్నది. నేను గంతులు వేయుచున్నాను. గట్టు ఇంక వంద గజములున్నదనగా గుంపులో ఎవరో తారాజువ్వ వెలిగించినారు. అది అడ్డముగా బాట మీదికి దూసుకొని వచ్చినది. ఎర్రగుర్రము బెదరి వరిమడిలోనికి దుమికినది. కుర్రవాడు మెడ కరచుకొని పడకుండ నిలిచినాడు గాని, అది మరల బాట ఎక్కులోపల, ఉదయము నుండి ఎవరును పట్టించుకొనని నల్లగుర్రమొకటి గట్టు చేరినది.

నేను ఏడ్చుచు తాతకు సంగతి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట అన్నాడు: “తెల్లది ఆగిపోద్దన్నాను, ఆగిపోనాది. ఎర్రదానికి దమ్ముందన్నాను, ఉన్నాది. డబ్బెట్టమని ఎప్పుడన్నాను, బాబూ?”

ఆ రాత్రి జట్కాలో ఇంటికి తెచ్చి, నాన్నకంటె ముందు అమ్మను పెరటిలోనికి పిలిచి, తప్పు తనదే అన్నట్లు తాత చెప్పినాడు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు ఇత్తడి బిందె ఒకటి తాకట్టుకు పోయినది, రుసుము కట్టబడినది. ఆ బిందె మరల మా ఇంటికి రాలేదు. నేను పరీక్ష వ్రాసితిని, గట్టెక్కితిని, మాస్టరునైతిని.

ముప్పది సంవత్సరములకు పైగా మార్కుల పట్టికలు నా చేతిలోనికి వచ్చుచున్నవి. మొదట అంకె చూతును. తరువాత, మామిడితోపులో తాత చూచినట్లు, ఆ అంకె తెచ్చినవాని డొక్కలు చూతును. ఆ పైన ఎవనిని గురించియు ఇతడింతే అని చెప్పబోయినపుడెల్ల ఆ తారాజువ్వ జ్ఞప్తికి వచ్చి, నోటి దాక వచ్చిన తీర్పు ఆగిపోవును.